జజీరాలో ముప్పై ఒక్క మంది

మంగవ్వ తన జీవితంలో నాలుగోసారి పెట్టిన సంతకం ముప్పై ఒక్క మందిని చంపింది. ఆ సంగతి ఆమెకు రెండు నెలల తర్వాత గానీ తెలియలేదు.

అంతకు ముందు పెట్టిన మూడు సంతకాలు రేషను కార్డుకు, గ్యాసుకు, బ్యాంకు పుస్తకానికి. నలభై దాటేదాకా ఆమెది వేలిముద్రే. సంతకం నేర్పింది పక్కింటి రాజనర్సయ్య. ఎలక్షన్లప్పుడు గుట్టలుగా వచ్చిపడే కరపత్రాలకు ఒక వైపు తెల్లగా ఉంటుంది. ఆ వైపున మం, గ, వ్వ అని మూడక్షరాలు రాసి దిద్దించాడు. కాగితం వెనక అభ్యర్థి చేతులు జోడించి నవ్వుతుండేవాడు. పెన్ను గట్టిగా నొక్కితే ఆ మొహం మీద గాట్లు పడేవి. అది చూసి గురువూ శిష్యురాలూ నవ్వుకునేవాళ్లు.

పంజాగుట్ట నుంచి అమీర్‌పేటకు మెట్రోలో వెళ్లేటప్పుడు, పెద్ద మాల్ వెనక గోడ దాటగానే, ఆరేసిన చీరలూ రేకులూ నీలం టార్పాలిన్లూ రెండు క్షణాలు కనిపించి మాయమవుతాయి. అదే జజీరా. ఒక పక్క మురుగునీటి నాలా, ఒక పక్క మాల్ గోడ, ముందు మెట్రో స్తంభాలు. లోపలికి వెళ్లడానికి నాలా మీద వేసిన సిమెంటు పలక ఒక్కటే దారి. వానలు గట్టిగా పడితే ఆ పలకా మునిగిపోతుంది. ఎప్పుడో అట్లా మునిగిన రోజున మొహియుద్దీన్ వాళ్ల నాయన మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి, ‘ఇది బస్తీ కాదు, జజీరా’ అన్నాడట. జజీరా అంటే ఉర్దూలో దీవి. కాగితాల్లో ఆ బస్తీకి ఒక నాయకుడి పేరుంది గానీ, ఆ పేరు బస్తీలో ఎవరికీ గుర్తుండదు.

దీవిలో నూట నలభై ఆరు ఓట్లు. పట్టాలు లేవు. కరెంటు బిల్లులు ఎప్పుడో పోయిన తాతల పేర్ల మీద వస్తాయి. నాలా వెడల్పు చేయడానికి రెండేళ్ల కింద ఎగువ బస్తీని లేపేసినప్పుడు, ఓటరు జాబితాలో ఏ ఇంటి నంబరు మీద ఎవరి పేరుందో చూసి, వాళ్లకే వేరే చోట ఇళ్లు రాశారు. జాబితాలో లేనివాళ్లు గిన్నెలు మూటగట్టుకుని ఎటు పోయారో ఎవరూ అడగలేదు. ఇప్పుడు జజీరా వంతు. వచ్చే మార్చిలో సర్వే అని గోడకు నోటీసు అంటించిపోయారు. ఓటు హక్కు గురించి పెద్దమనుషులు టీవీలో చెప్పే మాటలు అందుకే ఇక్కడ ఎవరికీ పట్టవు. జాబితాలో పేరుంటే కాళ్ల కింద నేలుంటుంది. జజీరా రాజకీయం అంతవరకే.

ఆ సిమెంటు పలక మొదట్లో, మెట్రో స్తంభం నీడలో, మంగవ్వ ఇస్త్రీ బండి. పదిహేడేళ్లకు పెళ్లయి నర్సాపూర్ దిక్కు నుంచి వచ్చింది. భర్త విజయేందర్ పందొమ్మిదేళ్ల కింద ఒక పొద్దున పనికని బయల్దేరి ఇంకొక ఆడమనిషితో వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు. అప్పటి నుంచి ఆమెకు బండే ఇల్లూ వాకిలీ. అమీర్‌పేట హాస్టళ్లలో కోచింగు పిల్లల ఇంటర్వ్యూ చొక్కాలు ఆమె దగ్గరికే వస్తాయి. బొగ్గుల పెట్టె తోస్తూనే, పలక దాటి ఎవరు బయటికి పోయారు, ఎవరు తిరిగొచ్చారు, ఎవరింటికి చుట్టాలొచ్చారు, అన్నీ చూస్తుంది. బస్తీలో ఎవరి కోసం ఎవరు వచ్చినా ముందు ఆమెనే అడుగుతారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. కొంచెం గర్వం కూడా ఉండేది.

ఆ ఏడు నవంబరులో అసెంబ్లీ ఎన్నికలు. జూన్‌లో ఒక మధ్యాహ్నం, మెడలో ట్యాగు, చేతిలో ప్యాడు పట్టుకుని ధాత్రి వచ్చింది. తణుకు అమ్మాయి. కంప్యూటరు కోర్సు చేద్దామని అమీర్‌పేట వచ్చి, మూడేళ్లు లేడీస్ హాస్టల్లో ఉండి, చివరికి ఎన్నికల పని చూసే ఆఫీసులో కాంట్రాక్టు ఉద్యోగానికి కుదిరింది. హాస్టల్లో అందరూ ఆ దిక్కు పిల్లలే. ఈ దిక్కు తెలుగు ఆమె విన్నది ఆటోవాళ్ల దగ్గరా కూరగాయల బండ్ల దగ్గరా, అదీ ధరల వరకే. ఎండలో బస్తీ అంతా తిరిగింది. తాళాలు తప్ప ఏమీ కనపడలేదు. నీడ వెతుక్కుంటూ బండి దగ్గరికి చేరింది.

“చనిపోయినవాళ్లు, ఇల్లు మారినవాళ్లు ఎవరైనా ఉన్నారా అమ్మా?” అని అడిగింది.

సరిగ్గా అప్పుడే పైన రైలు వెళ్లింది. మంగవ్వ చెవిన పడింది చివరి ముక్క మాత్రమే, ఉన్నారా అమ్మా అని. ఒక్కొక్క పేరూ చదువు బిడ్డా, చెప్తా అంది.

ధాత్రి చదవడం మొదలుపెట్టింది. బతూల్ ఉన్నది, గా రేకుల ఇంట్లో కాళ్ల నొప్పులతో పండుకున్నది. లచ్చమ్మ పోయింది. మొహియుద్దీన్ పోయిండు. జాబితాలో పైనుంచి కిందికి వస్తున్నకొద్దీ మంగవ్వ ఇస్త్రీ పెట్టె ఆపకుండానే జవాబు చెప్పింది. ఉన్నడు, ఉన్నది, పోయిండు, పోయింది. మధ్యాహ్నం పన్నెండున్నరకు పనిచేసేవాళ్లెవరూ ఇంట్లో ఉండరు కాబట్టి పోయినవాళ్లే ఎక్కువయ్యారు.

“రాజనర్సయ్య గారు?”

“కాక సుత పోయిండు. గీ వయసుల, పాపం.”

ధాత్రి పెన్ను ఆగింది. “కరోనాలోనా అమ్మా?”

“కరోనా కాడికెల్లే మొదలైంది బిడ్డా. ఒకల ఎనక ఒకలు పోవుడే.”

మంగవ్వ చెప్పింది నిజమే. కరోనాలో చుట్టుపక్కల దుకాణాల్లో పనులు పోయాక జజీరా మొత్తం సనత్‌నగర్ కార్ఖానాలకూ శ్రీనగర్ కాలనీ ఇళ్లకూ పనికి పోవడం మొదలుపెట్టింది. డెబ్బై రెండేళ్ల రాజనర్సయ్య కూడా మోకాళ్లు పట్టుకుని సనత్‌నగర్‌లో ఒక కార్ఖానా గేటు దగ్గర పగటిపూట కాపలాకు కూర్చుంటున్నాడు. తణుకులో మనుషులు పనికి వెళ్తారు. పోవడం అంటే అక్కడ ఒక్కటే అర్థం. ధాత్రి చున్నీతో కళ్లు ఒత్తుకుంది. మంచి ఇంటి పిల్ల, షేర్ ఆటోల్లో పోయేటోళ్ల బాధలకే కళ్లనీళ్లు పెట్టుకుంటుంది అనుకుని, మంగవ్వ ఆమెకు చాయ్ తెప్పించింది.

మీవారు అని అడిగింది ధాత్రి. మావోడు సుత పోయిండు, పందొమ్మిదేండ్లయితుంది అంది మంగవ్వ. ఆ ఒక్క పోవడం సంగతి ఆమె ఎవరికీ విడమరిచి చెప్పదు. ధాత్రి ఆమె చెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు. తర్వాత, పై వివరాలు నాకు తెలిసినంతవరకు నిజం అని ఉన్న చోట సాక్షిగా వేలిముద్ర వేయమంది. మంగవ్వ సిరా డబ్బాను పక్కకు నెట్టి, పెన్ను ఇయ్యి అంది. మూడక్షరాలూ కొమ్ములూ వంపులూ చెదరకుండా, చాలాసేపు తీసుకుని రాసింది.

ఆగస్టులో ముసాయిదా జాబితా సర్కారు బడి గోడకు అంటించారు. సంగతి మోసుకొచ్చింది మొహియుద్దీన్. ట్రాలీ ఆటో నడుపుతాడు, నలభై ఆరేళ్లు, నోరు ఊరికే ఉండదు. బండి ముందు నిలబడి, అక్కా నేను సచ్చిపోయిన్నట, నాకు సుత ఎవ్వరు చెప్పలే, జనాజాకు పిలవకుంటె పాయె, నలభయ్యో దినం చాలీస్వా బిర్యానీకి అన్న పిలవాల్సింది కదా అన్నాడు. మంగవ్వ నవ్వింది. సాయంత్రానికి ముప్పై మంది బండి చుట్టూ చేరారు. జాబితా కింద సాక్షి సంతకం ఎవరిదో అప్పటికే తెలిసిపోయింది. లచ్చమ్మ నవ్వలేదు. మనసుల ఏం పెట్టుకుని మా అందరి పేర్లు కొట్టేయించినవే అని నలుగురిలో అడిగింది. ఏ పార్టీవాడు ఏమిచ్చాడో అన్న అనుమానం కూడా ఎవరో వెనక నుంచి వదిలారు. పలక దాటే ప్రతివాళ్లూ మంగక్కా, సచ్చినోళ్లం పనికి పోతున్నం, రాసుకో అనడం ఆ మర్నాటి నుంచి మొదలైంది. మొదట అది హాస్యమే. పది రోజులయ్యేసరికి హాస్యం పోయి మాట మాత్రం మిగిలింది.

వివేక్ అని, ఒక పార్టీకి జజీరా లెక్కలు చూసే కుర్రనాయకుడు ఉండేవాడు. ఎన్నికల ఏడాది వస్తే రోజూ పలక దగ్గర అతని బైకు కనపడేది. నూట పదిహేనేనా, గీ జాగకు గంత దూరం రావుడెందుకు అన్నాడట. తర్వాత కనపడలేదు. దీవికి ఉన్న బరువు ఆ ఓట్లే. అది కాస్తా తగ్గింది.

మంగవ్వ మొహియుద్దీన్‌నూ రాజనర్సయ్యనూ వెంటబెట్టుకుని ఆఫీసుకు వెళ్లింది. పెద్ద సారు ఫణీంద్ర, బల్ల అవతల. ధాత్రి తలుపు దగ్గర నిలబడి ఉంది. ఎదురుగా రాజనర్సయ్య కుర్చీలో కూర్చుని ఉండడం చూసి ఆమె మొహం పాలిపోయింది. మీరే కదమ్మా పోయారన్నారు అంది, ఏడుపు గొంతుతో. పోయిన్రు అంటె పనికి పోయిన్రు అంది మంగవ్వ. తర్వాత ఫణీంద్ర నవ్వడం మొదలుపెట్టాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మరీ నవ్వాడు. నవ్వు అయిపోయాక మాత్రం ఆయన మళ్లీ ఆఫీసరే.

“ఎవరో ఒకరు తప్పు చేసిన్రు కదమ్మా. ఎవరు?”

“ఎవ్వలు చెయ్యలే సార్. నేనన్నది గదే, ఆమె ఇన్నది గదే.”

“ఆ కాలమ్ లేదమ్మా ఇందులో.”

ఉన్నవి రెండు దారులని చెప్పాడు. ఒకటి, పేర్లు పోయినవాళ్లందరూ కొత్త ఓటర్లుగా దరఖాస్తు పెట్టుకోవడం. ఇంతకు ముందు ఏ జాబితాలోనూ నా పేరు లేదు అని అందులో సంతకం చేయాలి. అబద్ధమే గానీ అందరూ చేసే అబద్ధం. రెండోది, పాత పేరునే తిరిగి నిలబెట్టడం. దానికి ధాత్రి సరిగా విచారించలేదని ఒప్పుకోవాలి, అప్పుడు ఆమె ఉద్యోగం పోతుంది. లేదా సాక్షి, నేను తప్పుడు సమాచారం ఇచ్చాను అని రాసివ్వాలి. కేసవుతుందా సార్ అని మొహియుద్దీన్ అడిగాడు. కాకపోవచ్చు, కావచ్చు కూడా అన్నాడు ఫణీంద్ర. ఆ మాట అంటున్నప్పుడు ఆయన మంగవ్వ వంక చూడలేదు. ఇంకో ఫైలు తెరుచుకున్నాడు.

చచ్చినవాళ్లలో ఇరవై తొమ్మిది మంది మొదటి దారే పట్టారు. గడ్డం నెరిసిన మొహియుద్దీన్ కొత్త ఓటరయ్యాడు. మొన్ననే పుట్టిన అక్కా, ఖీర్ వండు అన్నాడు గానీ ఆ మాటలో మునుపటి ఊపు లేదు. విజయేందర్ పేరు గురించి ఎవరూ అడగలేదు. తిరిగి నిలబెట్టమని మంగవ్వ కూడా అనలేదు. మిగిలింది రాజనర్సయ్య ఒక్కడు.

ఆయన దరఖాస్తు మీద సంతకం చేయనన్నాడు. ఓటు వయసు ఇరవై ఒకటి ఉన్నప్పుడు వేసిన మొదటి ఓటు నుంచి ఇప్పటిదాకా ఒక్కటి తప్పలేదు. దేశభక్తి అని ఎవరైనా అంటే ఆయనే నవ్వేవాడు. అన్ని పార్టీల బిర్యానీ పొట్లాలూ తీసుకుని, ఎవరికి వేశాడో పెళ్లానికి కూడా చెప్పకుండా, వరుసలో అందరికంటే ముందు నిలబడడం ఆయనకొక ఆట. ఇప్పుడది ఆట కాదు. ఆయన గదిలో మనవరాలు పింకీ ఉంది. కూతురు చచ్చిపోతే అల్లుడు ఇంకో పెళ్లి చేసుకున్నాడు, అప్పటి నుంచి పిల్ల తాత దగ్గరే. ఇంటరు రెండో ఏడు. ఓటు రావడానికి ఇంకో ఏడాది పడుతుంది. ఆ గది నంబరు మీద జాబితాలో ఉన్నది తాత పేరొక్కటే.

“పింకీ కోసమన్న సంతకం పెట్టు కాకా,” అంది మంగవ్వ, అక్టోబరులో ఒక పొద్దున. దరఖాస్తులకు ఇంకా ఆరు రోజులే గడువుంది.

“యాభై ఏండ్ల సంది ఓటేస్తున్న. నా పేరు ఎన్నడు ఏడ లేదని నా చేతితోటే రాయాల్నా? రేపు సర్వేవోడు వచ్చి, నువ్వు నిన్న మొన్న వచ్చినోడివి, నీకేం ఇల్లు అంటె ఏం చెప్పాలె?”

ఆ మాట ఎవరికీ తట్టలేదు. కొత్త ఓటరంటే కొత్తగా వచ్చినవాడే కదా, కాగితం లెక్కన.

“నిన్ను అబద్ధం రాయమంటలేను బిడ్డా. తప్పు జరిగిందని రాయి. తప్పుకు, అబద్ధానికి ఫరక్ ఉంటది.”

“కాయితంల ఫరక్ లేదు కాకా.”

ఆయన భుజం మీద తువ్వాలు సర్దుకుని పలక దాటి ఆటో ఎక్కాడు. ఆ రోజు నుంచి తన చొక్కాలు బండి మీద వేయడం మానేశాడు.

మంగవ్వకు భయం ఉన్నమాట నిజం. బండి ఉన్నది ఫుట్‌పాత్ మీద, ఏ అనుమతీ లేకుండా. మూడేళ్ల కింద ఒకసారి మున్సిపాలిటీ వ్యాను వచ్చి బండిని ఎత్తుకుపోతే, తిరిగి తెచ్చుకోవడానికి ఎంతమంది కాళ్లు పట్టుకుందో ఆమెకే తెలుసు. ఆమె పేరు మీద కేసంటూ ఒకటి ఉంటే ఏ వ్యానుకైనా అదే సాకు. కానీ ఆ భయం కింద ఇంకొకటి కూడా ఉంది, అది భయం కంటే మొండిది. తాను అబద్ధమాడలేదు. అందరి ముందూ దొంగలా నిలబడింది గానీ అబద్ధం మాత్రం ఆడలేదు. నేర్చుకున్న మూడక్షరాలను తీసుకెళ్లి తప్పుడు సమాచారం అన్న మాట కింద పెట్టడమంటే ఆమెకు ఒప్పలేదు. ముసలాయన తన పేరు ఎన్నడూ లేదని రాయనంటాడు. ఈమె తాను తప్పు చెప్పానని రాయనంటుంది. పక్కపక్క గదుల్లో ఉంటూ ఇద్దరూ ఒకే రకం మొండితనంతో ఆరు రోజులూ గడిపేశారు. గడువు అయిపోయింది.

పోలింగుకు ముందు రోజు సాయంత్రం రాజనర్సయ్య తెల్లచొక్కా తెచ్చి బండి మీద పెట్టాడు. ప్రతి ఎన్నికకూ పెట్టేదే. మంగవ్వ కాలరు రెండుసార్లు చేసింది, జేబు అంచు విడిగా చేసింది. పొద్దున ఏడు కాకముందే ఆయన బడి గేటు దగ్గర వరుసలో మొదట నిలబడ్డాడు. వెనక మంగవ్వ, ఆమె వెనక మొహియుద్దీన్. లోపల కూర్చున్న అధికారి జాబితా తిప్పి, మళ్లీ తిప్పి, పేరు లేదన్నాడు. పాత జాబితా చూడమన్నాడు రాజనర్సయ్య. అధికారి వేలు ఒక చోట ఆగింది. ఆయన తల ఎత్తి ఈయన మొహం చూసి, ఏమనాలో తెలియక, ఇందులో చనిపోయినట్టుంది తాతా అన్నాడు. ఎవరో పక్కకు జరగమన్నారు. రాజనర్సయ్య జరిగాడు.

తర్వాత మంగవ్వ వేలికి సిరా పూశారు. ఓటేసి బయటికి వచ్చేసరికి ఆయన గేటు దగ్గర బల్ల మీద కూర్చుని ఉన్నాడు, చొక్కా నలగకుండా నిటారుగా. ఆమె ఎడమ చెయ్యి చీరచెంగులో దాచుకుంది. ఆయన చూశాడు. దాచుడెందుకే, ఓటేసినవు, దొంగతనం చెయ్యలే అన్నాడు. ఇద్దరూ కలిసి నడుచుకుంటూ వచ్చారు. దారిలో ఆయన మోకాళ్ల గురించే మాట్లాడాడు.

సోమవారం ఆమె ఎవరికీ చెప్పకుండా ఆఫీసుకు వెళ్లింది. ధాత్రి ఉంది. ఏం రాయాల్నో నువ్వే రాయి బిడ్డా, సంతకం పెడత అంది మంగవ్వ. తప్పుడు సమాచారం అన్న మాట ధాత్రి రాయలేదు. నేను చెప్పిన మాటకు ఒక అర్థం, నమోదైన మాటకు ఒక అర్థం, సదరు వ్యక్తి బతికే ఉన్నాడు అని రాసి, కింద తన సంతకం కూడా పెట్టింది. ఉద్యోగం పోతే పోతుంది, ఎలాగూ కాంట్రాక్టే కదమ్మా అంది. ఫణీంద్ర ఆ కాగితాన్ని చదవను కూడా చదవలేదు. ముద్ర కొట్టి పక్కన పడేశాడు. కేసూ లేదు, నోటీసూ లేదు, ఎవరి ఉద్యోగమూ పోలేదు. ఎన్నికలైపోయాయి, ఇంక ఆ కాగితంతో ఎవరికీ పని లేదు. అక్టోబరులో అంత బరువున్న కాగితం డిసెంబరులో ఇంత తేలికగా ఎట్లా ఉందో ఆమెకు అంతుపట్టలేదు. పలక దాకా నడుస్తూ, అప్పుడే రాసిచ్చి ఉంటే ఏమయ్యేది అని అడుగడుగునా లెక్కేసుకుంది. ప్రతిసారీ లెక్క ఒకేలా తేలింది. ఏమీ అయ్యేది కాదు.

రాజనర్సయ్యకు చెప్పింది. ఆయన తల ఊపి, సాయంత్రం రెండు చొక్కాలు తెచ్చి బండి మీద వేశాడు. అంతకంటే పెద్ద మాటేదీ వాళ్లిద్దరి మధ్య నడవలేదు. జనవరిలో కొత్త జాబితా, మార్చిలో సర్వే, అప్పటికి పేరొస్తది, ఫికర్ చెయ్యకు అని ఆయనే ఆమెకు ధైర్యం చెప్పాడు.

జనవరి మొదటి వారంలో చలి ముదిరింది. ఒక పొద్దున ఆయన మంకీ టోపీ పెట్టుకుని, తెల్లచొక్కా బండి మీద వేసి, రేపు తీసుకుంట అని సనత్‌నగర్ ఆటో ఎక్కాడు. మధ్యాహ్నం గేటు దగ్గర కుర్చీలోనే ఒరిగిపోయాడట. మొహియుద్దీన్ తన ట్రాలీలో తీసుకొచ్చాడు. పలక మీదికి బండి ఎక్కదు కాబట్టి అక్కడి నుంచి నలుగురు మోశారు. పింకీ ఏడవలేదు. తాత చెప్పులు ఏవీ అని అడుగుతూనే ఉంది. ఒక చెప్పు సనత్‌నగర్‌లోనే ఉండిపోయింది.

పదిహేను రోజుల తర్వాత ధాత్రి వచ్చింది. పలక దగ్గరికి రాకముందే, రోడ్డు అవతలి నుంచే కాగితాలు పైకెత్తి ఊపింది. పరుగులాంటి నడకతో బండి దగ్గరికి వచ్చింది. మొహియుద్దీన్ అక్కడే ట్రాలీకి తాళ్లు బిగిస్తున్నాడు.

“వచ్చిందమ్మా, పేరు వచ్చేసింది. నేనే ముందు చెప్దామని వచ్చాను. ఏరీ ఆయన?”

మంగవ్వ ఇస్త్రీ పెట్టెను నిలబెట్టింది. “పోయిండు బిడ్డా.”

ధాత్రి నవ్వింది. ఈ ఏడు నెలల్లో ఆ మాట నేర్చుకున్నానన్న నవ్వు. “ఏడికి పోయిండు? సనత్‌నగరేనా?”

మొహియుద్దీన్ చేతిలో తాడు ఆగింది. బండికి కొట్టిన మేకుకు తెల్లచొక్కా వేలాడుతోంది, మడత చెదరకుండా. పైన రైలేదీ రాలేదు, ప్రతి మాటా స్పష్టంగా వినపడుతోంది. పేరు ఏడున్నదో చూపియ్యి అంది మంగవ్వ. ధాత్రి వేలు పెట్టి చూపింది. రాజనర్సయ్య పేరులో మంగవ్వకు తెలిసిన అక్షరం ఒక్కటీ లేదు. చదవమంది. ధాత్రి ఇంటి నంబరుతో సహా చదివింది. ఇంకోసారి చదవమంటే ఇంకోసారి చదివింది. ఆ నంబరు గదిలో పింకీ, రెండు నెలల్లో పరీక్షలని, తలుపు వేసుకుని చదువుకుంటోంది.

“సనత్‌నగర్‌కే పోయిండు,” అంది మంగవ్వ.

ధాత్రి మొహియుద్దీన్ వైపు తిరిగి, మీరు కూడా ఈ వివరాలు ఒకసారి చూడండి అంది. అతను తాడు ట్రాలీలో పడేశాడు. “నేను చూసేదేముంది మేడం, అక్కకు తెల్వనిదేముంది? ఎండల వచ్చిన్రు, చాయ్ తెప్పిస్త,” అని రోడ్డు దాటి వెళ్లిపోయాడు.

ధాత్రి పేరు పక్కన ఆకుపచ్చ పెన్నుతో గుర్తు పెట్టి, ప్యాడు బండి మీద ఉంచింది. మనిషి ఉన్నాడు, పై వివరాలు నిజం అని ఉన్న చోట వేలు ఆనించి, ఇక్కడ అమ్మా అంది. మంగవ్వ చేతులు చీరకు తుడుచుకుని పెన్ను తీసుకుంది. మం, గ, వ్వ. రాజనర్సయ్య చూస్తే వంకరగా ఉందని మళ్లీ దిద్దించేవాడు.